మేనేజరుగారి గురగుర

పిల్లి తెల్లారినప్పటి నుంచీ గురగురలాడుతూనే ఉంది. ముందుగదిలో కిటికీ కింద వేసిన పేము కుర్చీలో నాలుగు కాళ్ళూ పొట్ట కిందికి ముడుచుకుని, కళ్ళు సగం మూసి, గోడ అవతల ఎక్కడో నీళ్ళ మోటారు తిరుగుతున్నట్టు ఒకటే చప్పుడు. నిన్నా అంతే, మొన్నా అంతే. టీచరు తల దువ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో గుర్తురాక వెనక్కి వచ్చింది. దువ్వెన బల్ల మీద పెట్టి కిటికీ తెరిచింది. వీధిలో ఏముందో చూడకుండానే మళ్ళీ మూసింది.

"ఏమిటమ్మాయ్, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" అంది అత్తగారు గొంతు బాగా తగ్గించి. "అసలు పిల్లిని చూడు ఎంత నిమ్మళంగా ఉందో. దాన్ని చూసైనా నేర్చుకో."

"బడికి టైమవుతోంది అత్తయ్యా."

"ఊ."

ఆ పిల్లి పేరు మేనేజరు. టీచరు భర్త పెట్టిన పేరది. ఆయన దినపత్రిక అచ్చువేసే ప్రెస్సులో రాత్రి డ్యూటీ చేసేవాడు. "మా ప్రెస్సులో అచ్చం ఇలాంటివాడే ఒకడున్నాడు. పనేమీ చెయ్యడు. ఎత్తుగా ఉన్నచోట కూర్చుని, మిగతావాళ్ళు చేస్తున్నారా లేదా అని చూస్తుంటాడు. కాకపోతే వాడికి మీసాలు ఇంకా ఎక్కువ" అనేవాడు. తెల్లవారాక సిరా వాసనతో ఇంటికి వచ్చి, రెండు ముద్దలు తిని, గది తలుపు వేసుకుని పడుకునేవాడు. ఆయనతోపాటు మేనేజరు కూడా లోపలికి వెళ్ళిపోయేది. ఇద్దరూ సాయంత్రానికి బయటికి వచ్చేవాళ్ళు.

పగలు నిద్రపోయే మనిషి ఉన్న ఇంటికి తనవైన పద్ధతులు కొన్ని వచ్చి చేరతాయి. ఆ ఇంట్లో తలుపులు గోడకి తగిలేచోట పాత గుడ్డలు అంటించి ఉంటాయి. వీధి గంట తీగ ఏనాడో కోసేశారు. టీవీ ఆడుతుంది కానీ పలకదు. అత్తగారు పెదవుల కదలిక చూసి కథంతా చెప్పేసేది, తన సొంత మాటలు నాలుగు కలిపి మరీ. అలా అలా ఇంట్లో మాట కూడా చిక్కిపోయింది. ఆ చిక్కిన మాటలన్నిటి బదులూ ఒక్క "ఊ" మిగిలింది. తిన్నారా అంటే ఊ. నీళ్ళు పట్టారా అంటే ఊ. ఎత్తి అంటే ప్రశ్న. దించి అంటే సరే. సాగదీస్తే అనుమానం. తుంచి అంటే, ఇంక నన్ను కదిలించకు అని. అత్తగారి నోటినుంచి వచ్చే ఊలలో తనకి అర్థం కానిది లేదని టీచరుకి గట్టి నమ్మకం. పిల్లలకి భాష చెప్పే మనిషి. ఆ మాత్రం నమ్మకం ఉండటంలో తప్పు లేదు.

ఆయన పోయింది కూడా ఆ పగటి నిద్రలోనే. వేసవి మొదట్లో ఒక సెలవురోజు. తలుపు వేసి ఉంది. లోపలినుంచి మేనేజరు గురగుర వినిపిస్తూనే ఉంది, మామూలు కన్నా గట్టిగా. అత్తాకోడళ్ళు వంటింట్లో బఠానీలు ఒలుస్తూ కూర్చున్నారు. "మేనేజరుగారు డ్యూటీలో ఉన్నారు" అంది టీచరు పెదవులతోనే. ఇద్దరూ చప్పుడు కాకుండా నవ్వుకున్నారు. లేచే వేళ దాటింది. అలిసిపోయి ఉంటాడు, ఇంకాసేపు పడుకోనిద్దాం అనుకున్నారు. కడాకి తలుపు తీసేసరికి పిల్లి ఆయన గుండెల మీద ఉంది. ఆ రోజు వచ్చిన డాక్టరు, ఇది పొద్దుటే జరిగిపోయి ఉంటుందన్నాడు.

అప్పటినుంచీ అత్తగారు ఒకే మాట పట్టుకుంది. "హాయిగా పోయాడు. నొప్పి ఉంటే పిల్లి అలా ఉండేదా? కంగారుపడి తలుపు గీకేది కదూ? పక్కనే కూర్చుని గురగురలాడిందంటే వాడు హాయిగానే పోయాడు." పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పింది. టీచరుకి మరీమరీ చెప్పింది. చెప్పినప్పుడల్లా టీచరు "ఊ" అంది. అన్న తరవాత ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయేది. ఆ చప్పుడు వింటే ఆమెకి ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఉంటోందని ఎవరికీ తెలియదు.

ఇప్పుడు దానికి తోడు ఆదివారం ఒకటి మీదికొస్తోంది. ఆదివారం ఆమె ఆడపడుచు వస్తానంది. "అమ్మని తీసుకెళ్ళిపోతాను. నువ్వు బడికి పోతే పాపం ఆవిడ రోజంతా గోడలు చూస్తూ కూర్చోవాలి. ఇక్కడైతే నేనుంటాను, మనుషులుంటారు" అని ఫోన్లో తేల్చేసింది. టీచరు "మీ ఇష్టం వదినా" అని ఫోన్ అత్తగారికి ఇచ్చింది, ఆవిడ అన్నిటికీ ఊ అంది. ఫోన్ పెట్టేశాక టీచరు అడిగింది: "వెళ్తారా అత్తయ్యా?"

"ఊ" అంది అత్తగారు. దించిన ఊ. సరే అనే ఊ.

ఉండండి అనే మూడక్షరాల మాట టీచరు గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. తల్లి కూతురి దగ్గరికి వెళ్తానంటే అడ్డం పడటానికి తానెవరు? "మీ ఇష్టం అత్తయ్యా" అని, చేతిలో మడతపెట్టి ఉన్న దుప్పటి విప్పి మళ్ళీ మొదటినుంచీ మడతపెట్టింది. మర్నాటికి అత్తగారి సంచీ అటక మీదనుంచి దిగి ముందుగది మూలకి వచ్చింది. ఆ మూలవైపు చూడకుండా ఇంట్లో తిరగడం ఎలాగో టీచరుకి ఇంకా చేతకావడం లేదు.

బళ్ళో కూడా ఆమెకి కాలు నిలవలేదు. "బాగుంది" అనే మాట వాడకుండా ఒక పేరా రాయమని పిల్లలకి చెప్పి, వాళ్ళు కలాలు కొరుక్కుంటుంటే బల్లల మధ్య అటూ ఇటూ నడిచింది. విశ్రాంతి గంట కొట్టగానే టీచర్ల గదిలోకి వచ్చి, కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఏమైంది మేడమ్, కుర్చీలో ముళ్ళున్నాయా?" అన్నాడు లెక్కల మాస్టారు.

"మా పిల్లండీ. రాత్రీ పగలూ గురగురమంటూనే ఉంది. నిద్ర పట్టడం లేదు."

"దానికే ఇంత ఇదైపోతే ఎలా? మా బావమరిది పెట్టే గురకకి పక్కవాటా వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోయారు. మావాడు మాత్రం, నేనసలు నిద్రేపోలేదు బావా అంటాడు."

అందరూ నవ్వారు. సైన్సు టీచరు మాత్రం టీ కప్పు దించి, "తింటోందా?" అని అడిగింది.

"తింటూనే ఉందనుకుంటాను" అంది టీచరు. అంటుండగానే గిన్నె కళ్ళముందుకి వచ్చింది. రాత్రి పోసిన పాలు పొద్దునకి మీగడ కట్టి అలాగే ఉన్నాయి. అత్తగారు పారబోసి కొత్తవి పోసింది. నిన్న కూడా అంతే. ఒకసారి కుర్చీ కింద తెల్లగా కక్కితే, గడ్డి తిన్నట్టుందిలే అని తుడిచేసింది. "లేదు" అంది మెల్లగా. "తినడం లేదు."

"మా అక్కయ్యవాళ్ళ పిల్లి కూడా పోయేముందు అలాగే రెండ్రోజులపాటు..." అని సైన్సు టీచరు చటుక్కున నాలిక కరుచుకుంది. పోవడం అనే మాట ఈ మనిషి ముందు ఎవరూ వాడకుండా జాగ్రత్తపడుతున్నారు ఆ గదిలో.

టీచరు అప్పటికే లేచి నిలబడింది. "నా క్లాసు ఎవరైనా చూస్తారా?"

"వెళ్ళండి, వెళ్ళండి. మీ పిల్లలకి నేను భిన్నాలు చెప్తాను. మీరు రేపటినుంచి పిల్లల కళ్ళకి దేవతలా కనిపిస్తారు" అన్నాడు లెక్కల మాస్టారు.

బడి విడవని వేళలో ఆమె ఇంటికి రావడం ఎప్పుడూ లేదు. తలుపు తీసేసరికి ముందుగదిలో అత్తగారు లేదు. భర్త పడుకునే గది తలుపు కొద్దిగా తెరిచి ఉంది. అడుగుల చప్పుడు విని అత్తగారు హడావిడిగా బయటికి వచ్చి, తన వెనకే తలుపు దగ్గరగా లాగేసింది.

"అప్పుడే వచ్చావేం? ఒంట్లో బాగానే ఉందా?"

"ఊ. మీరేం చేస్తున్నారు?"

"ఏముంది? పడుకున్నాను."

టీచరు ఆ మాట పట్టించుకునే స్థితిలో లేదు. కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి, పిల్లిని ఎత్తి అందులో పెట్టింది. ఎత్తినప్పుడు తెలిసింది, అది ఎంత తేలికైపోయిందో. ఎప్పుడూ బుట్ట చూస్తే గోళ్ళు దించే జంతువు ఇప్పుడు మారుమాట లేకుండా లోపల ఒదిగిపోయింది. గురగుర మాత్రం ఆపలేదు.

"హాయిగా ఉన్నదాన్ని డాక్టరు దగ్గరికెందుకే అమ్మాయ్?" అంది అత్తగారు గుమ్మం దాకా వస్తూ.

"ఒకసారి చూపించి వస్తాను."

పశువుల ఆస్పత్రి వరండాలో కుక్కనొకదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఒక లావుపాటాయన తప్ప ఎవరూ లేరు. "మావాడికి సూదంటే భయం" అన్నాడాయన టీచరుతో, తన నుదుటి చెమట తుడుచుకుంటూ. కుక్క నిశ్చింతగా ఆవులించింది. బుట్టలోని చప్పుడు విని, "మీది అదృష్టమండీ. ఎంత ఖుషీగా ఉందో" అన్నాడు. టీచరు లేచి వరండా చివరిదాకా నడిచి, గోడమీది బొమ్మలో ఆవుకి ఎన్ని రకాల రోగాలు వస్తాయో చదివి, తిరిగి వచ్చింది.

డాక్టరు తల నెరిసిన మనిషి. పిల్లిని రేకు బల్ల మీద పెట్టి, పొట్ట తడిమి, కనురెప్ప ఎత్తి చూశాడు. పొట్ట నొక్కినచోట దాని ఒళ్ళు బిర్రబిగుసుకుంది. చప్పుడు ఇంకాస్త పెరిగింది. ఆయన రెండు వేళ్ళతో నోరు తెరిచి, నాలిక పైకెత్తి, లైటు దగ్గరికి లాక్కున్నాడు.

"ఇదిగో. దొరికింది. దారం."

నాలిక కింద, మొదట్లో, దారం మెలికపడి లోపలికి కోసుకుపోయి ఉంది. రెండో కొస గొంతులోకి దిగిపోయింది.

"లాగెయ్యండి మరి" అంది టీచరు.

"అమ్మో, లాగకూడదు. ఆ కొస పేగుల్లో ఎంతదూరం పోయిందో. లాగితే కత్తిలా కోసేస్తుంది. పొట్ట తెరిచి తియ్యాలి. ఇప్పుడు తెచ్చారు కాబట్టి ఆశ ఉంది. ఇంకో రెండు రోజులు చూద్దాం అనుకుని ఉంటే చెప్పలేను."

"ఇంత బాధలో ఉండి ఇదెందుకండీ ఇలా అంటోంది? మేము దీన్ని సుఖం అనుకున్నాం."

"అందరూ అలాగే అనుకుంటారమ్మా. సుఖంగా ఉన్నప్పుడూ అంటుంది, కాదనను. పిల్లల్ని పెట్టేటప్పుడు నొప్పుల్లోనూ అంటుంది. కాలు విరిగి వచ్చినవి ఈ బల్ల మీద ఇలాగే అంటూ ఉంటాయి. తనని తాను జోకొట్టుకుంటుందేమో అని మేం అనుకుంటాం. దాన్ని అడిగి కనుక్కున్నవాళ్ళు లేరుగా."

"మరి ఏది సుఖమో ఏది నొప్పో తెలిసేదెలా?"

"చప్పుడు విని చెప్పలేం. మిగతావి చూడాలి. తింటోందా, తిరుగుతోందా, ముట్టుకుంటే ఏం చేస్తోంది..."

"పక్కనున్నవాళ్ళకి బాగాలేకపోతే..." అని టీచరు ఆగిపోయింది.

"పక్కనున్నవాళ్ళకా?"

"ఏం లేదండీ."

డాక్టరు ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసి, చేతులు కడుక్కోవడానికి తిరిగాడు. "ఇంట్లో కుట్టుపని ఎవరు చేస్తారు? దారం ముక్కలు కింద పడనివ్వకండి."

"మా ఇంట్లో కుట్టుపని ఎవరూ చెయ్యరండీ" అంది టీచరు. నోరు మూసుకునేలోపే మళ్ళీ వంగి చూసింది. ముదురు నీలం దారం. ప్రెస్సులో మెషిన్ మీద పనిచేసేవాళ్ళకి ఇచ్చే చొక్కాల రంగు. ఆ రంగు గుడ్డ గానీ దారం గానీ ఇంట్లో ఇంకెక్కడా లేదు. ఆ చొక్కాలు ఆ గదిలోని బీరువాలో ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోవడం లేదనే ఆమె అనుకుంటోంది.

పిల్లిని అక్కడే ఉంచి ఖాళీ బుట్టతో బయలుదేరింది. రోజూ తిరిగే వీధే. అయినా ఒక మలుపు ముందే తిరిగేసి, ఎవరిదో సైకిల్ షాపు ముందుదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. రోడ్డు దాటేచోట అందరూ దాటేశాక కూడా నిలబడిపోయి, తనకోసం ఆగిన కారువాడు చెయ్యి ఊపితే గానీ కదలలేదు.

అత్తగారు గుమ్మంలోనే ఉంది. బుట్ట చూసి, "ఏదీ?" అంది.

"అక్కడే ఉంచుకున్నారు. ఆపరేషన్ చెయ్యాలట. దారం మింగింది."

అత్తగారు గోడ పట్టుకుని నిదానంగా పేము కుర్చీలో కూర్చుంది. తరవాత అడిగింది: "ఏం రంగు దారం?"

"నీలం."

ఆవిడ లేచి గదిలోకి వెళ్ళి, ఒక చొక్కా తెచ్చి టీచరు ఒళ్ళో పెట్టింది. గుండీలు గట్టిగా ఉన్నాయి. గట్టిగా ఉండటమే కాదు, ఒక్కొక్క గుండీ చుట్టూ బట్ట సూదిపోట్లతో చిల్లులుపడి, పీచులు లేచి, జల్లెడలా ఉంది. ఒక్కసారి కుట్టిన గుండీకి బట్ట అలా కాదు.

"వదులయ్యాయని కుట్టారా?" అంది టీచరు.

"మొదటిసారి అందుకే. తరవాత వదులేం కాలేదు. కోసేస్తాను, మళ్ళీ కుడతాను. నువ్వు బడికి వెళ్ళాక పొద్దు పోవాలిగా. చెయ్యి ఊరుకోదు."

"నేను రోజూ అడుగుతూనే ఉన్నాను, పగలంతా ఏం చేశారని. పడుకున్నానంటారు."

"అన్నాను. నువ్వూ అడిగి ఊరుకున్నావు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది టీచరుకి. చొక్కా మడతపెట్టబోయి మానేసింది.

"నా దారమే దానికి ప్రాణం మీదికి తెచ్చింది" అంది అత్తగారు. "నా కళ్ళముందే, ఆ కుర్చీలోనే. తినలేదు, కక్కింది, అన్నీ చూశాను. చూస్తూ హాయిగా ఉందన్నాను." టీచరు ముఖంలోకి చూడకుండా అడిగింది. "నొప్పిలో కూడా అలా అంటుందన్నాడా డాక్టరు?"

దాటెయ్యడానికి దారి ఉంది. డాక్టరు అదేం చెప్పలేదత్తయ్యా అంటే సరిపోతుంది. నెలల తరబడి ఆవిడ పట్టుకుని నిలబడిన కర్ర అది ఒక్కటే. దాన్ని లాగెయ్యడానికి ఎవరికైనా చెయ్యి ఎలా వస్తుంది? టీచరు లేచి నిలబడింది, కూర్చుంది.

"అన్నాడు."

"అయితే ఆ రోజు..."

"తెలియదత్తయ్యా. ఆయన కోసం అందో, తన కోసం అందో. ఎవరికీ తెలియదట."

అత్తగారు తల ఊపింది. ఆశ్చర్యపోలేదు. "నా చిన్నతనంలో మా ఇంట్లో ఒక పిల్లి పిల్లల్ని పెట్టలేక చచ్చిపోయింది. కడదాకా గురగురలాడుతూనే ఉంది. మా అమ్మ దాని పక్కనే కూర్చుని ఏడ్చింది. ఆ చప్పుడుని నమ్మకూడదని నాకు అప్పుడే తెలుసు."

టీచరు తెల్లబోయింది. "మరి హాయిగా పోయాడని ఇన్నాళ్ళూ..."

"నీ కోసం అన్నాను. ఆ రోజు లేపుదామంటే ఇంకాసేపు పడుకోనిద్దాం అన్నావు కదా, ఆ మాట నిన్ను తినేస్తుందని భయపడ్డాను. వాడు హాయిగా పోయాడని నువ్వు నమ్మితే చాలనుకున్నాను."

"పడుకోనిద్దాం అన్నది మనిద్దరం అత్తయ్యా."

"అందుకే చెప్తున్నా, అది నువ్వొక్కదానివే మొయ్యకూడదని."

"నేను నమ్మలేదు."

"నమ్మలేదా? చెప్పినప్పుడల్లా ఊ అన్నావే!"

"మీరు నమ్ముతున్నారు కదా అని అన్నాను. మీ ధైర్యం పోగొట్టడం ఎందుకని."

అత్తగారి గొంతులోంచి నవ్వులాంటిదొకటి వచ్చి, సగంలోనే ఏడుపైపోయింది. "బాగానే ఉంది మన సంబడం! నీకు చెప్పీ చెప్పీ చివరికి నేనే నమ్మేశాను. లేకపోతే గిన్నెలో పాలు అలాగే ఉంటే కనిపెట్టలేనంత గుడ్డిదాన్నా?"

టీచరు ఆవిడ కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. ఆయన పోయాక ఒకరి ఎదట ఒకరు ఏడవడం అదే మొదలు. ముక్కులు తుడుచుకున్నాక, ఇంకా ధైర్యం చల్లారిపోకముందే టీచరు అడిగేసింది.

"ఆదివారం వదినతో వెళ్ళడం మీకు ఇష్టమేనా?"

అత్తగారు పెదవులు దగ్గరికి చేర్చింది.

"ఊ అనకండి. మాటతో చెప్పండి."

"ఇష్టమేం లేదు. నేనుంటే ఈ ముఖం చూసినప్పుడల్లా నీకు వాడే గుర్తొస్తాడేమో, నేను కదిలితే నీకు కాస్త ఊపిరాడుతుందేమో అనుకున్నాను. నువ్వైనా ఉండమన్నావా? మీ ఇష్టం అన్నావు. పొమ్మని అంతకంటే మర్యాదగా ఎవరు చెప్తారు?"

"ఉండండి అత్తయ్యా. మీరు లేని ఇంటికి తాళం తీసుకుని రావడం నావల్ల కాదు."

అత్తగారు ఆమె తలమీద చెయ్యి వేసింది. అయితే ముఖం తేటపడలేదు. "మీ వదినకి మాటిచ్చానే. దాని సంగతి నీకు తెలుసుగా. ఇల్లు పీకి పందిరేస్తుంది. ఏమని చెప్పను?"

శనివారం డాక్టరు ఫోన్ చేశాడు. దారం తీసేశామనీ, పిల్లి కళ్ళు తెరిచి కాస్త నీళ్ళు తాగిందనీ, ఇంకో నాలుగైదు రోజులు అక్కడే ఉంచుకుంటామనీ చెప్పాడు. అత్తగారు ఫోన్ లాక్కుని, "అరుస్తోందా? కరుస్తోందా?" అని అడిగింది. కట్టు మార్చేవాడిని కరిచిందని విని, "అమ్మయ్య" అంది. ఆ ఊరట తప్పిస్తే ఆ రోజంతా ఇద్దరికీ కుదురు లేదు. అత్తగారు సంచీలోంచి బట్టలు తీసింది. చెప్పకుండా తియ్యడం తప్పేమో అని మళ్ళీ పెట్టింది. టీచరు వదినకి ఫోన్ చెయ్యబోయి మూడుసార్లు మానేసింది.

ఆదివారం పొద్దున్నే వీధిలో కారు ఆగింది. మెట్లమీద వదిన గొంతు వదిన కంటే ముందు పైకి వచ్చింది. ఆవిడ పెళ్ళయి వెళ్ళిపోయాకే తమ్ముడు ప్రెస్సులో చేరాడు కాబట్టి, గొంతు తగ్గించే విద్య ఆవిడకి అబ్బలేదు.

"ఏం మరదలా, చిక్కి సగమయ్యావు! అమ్మా, సంచీ ఏదీ? ఇదేనా? ఇంతేనా? కింద బండాయన్ని నిలబెట్టి వచ్చాను, తొందరగా లే."

అత్తగారు కుర్చీలోంచి లేవలేదు. "కూర్చోవే. నేను రావడం లేదు."

"రావడం లేదా! ఫోన్లో అడిగితే ఊ అన్నావు కదే!"

"అన్నాను. గుక్క తిప్పుకోకుండా నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో ఇంకేం అనను?"

వదిన అరికాలి మంట నెత్తికెక్కింది. గిర్రున మరదలివైపు తిరిగింది. "నువ్వేం నూరిపోశావు? మొన్నటిదాకా మీ ఇష్టం వదినా, మీ ఇష్టం వదినా అన్నదానివి!"

పాత అలవాటు టీచరు నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "మీ ఇష్టం అన్నది అబద్ధం వదినా" అంది. "నాకు ఇష్టం లేదు. ఉండమని నేనే అడిగాను. ఆవిడ కోసం కాదు, నా కోసం."

"నీ కోసం! మరి నా కోసం ఎవరడగాలి?" వదిన గొంతు పగిలింది. "పోయింది నీ మొగుడే అనుకుంటున్నారా అందరూ? నాకు తమ్ముడు కాడూ? వచ్చినవాళ్ళంతా తల్లిని పలకరించారు, పెళ్ళాన్ని పలకరించారు, నన్ను మంచినీళ్ళు అడిగారు. అమ్మకని కొత్త మంచం చేయించాను. కిటికీ పక్కన వేశాను. రోజూ దుప్పటి మారుస్తున్నాను. దాని మీద ఎవరూ లేరు. నేను కూర్చుంటున్నాను."

వదిన నిలబడి సంచీ పిడి మెలితిప్పుతోంది.

"ఆ ముక్క ముందే చెప్పచ్చు కదే" అంది అత్తగారు. "నేను గోడలు చూస్తున్నానంటివి, నన్ను ఉద్ధరిస్తానంటివి. నీకు నేను కావాలని ఒక్కసారైనా అన్నావా?"

"ఇప్పుడంటున్నానుగా."

"ఇద్దరూ ఒక్కసారే అంటే నేనెటు పోను?"

టీచరు వెళ్ళి వదిన చేతిలోంచి సంచీ తీసుకుంది. ఈ సంచీ ఎటు వెళ్ళాలో ఆమెకీ తెలియదు. అత్తయ్య కొన్నాళ్ళు అక్కడ ఉండటమో, వదినే ఇక్కడ నాలుగు రోజులు ఉండటమో, అసలు తన ఇల్లు వదిలి ఉండటం వదినకి ఎన్నాళ్ళు కుదురుతుందో, ఏదీ తేలలేదు. అయినా దాన్ని మూల పెట్టబుద్ధి కాలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వదిన వచ్చి పక్కన చతికిలబడి, మరదలి భుజానికి తల ఆనించి, అందరికీ వినబడేలా ఏడ్చింది. అత్తగారు ఇద్దరినీ చూస్తూ, తానెవరి దగ్గరికి ముందు వెళ్ళాలో తెలియక కుర్చీ అంచుకి జరిగింది.

కింద హారన్ మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. వదిన కళ్ళు తుడుచుకుంటూ లేచి కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

"వెళ్ళిపో నాయనా! ఇవాళ ఎవరూ రావడం లేదు!"

"మరి ఎప్పుడు రమ్మంటారమ్మా?" అని అరిచాడు కారాయన కిందనుంచి.

వదిన వెనక్కి తిరిగి తల్లిని చూసింది. తల్లి కోడలిని చూసింది. టీచరు తల అడ్డంగా ఊపింది.

"తెలియదు!" అంది వదిన కిటికీలోంచి వంగి, వీధి వీధంతా వినేలా. "ఇంకా మాట్లాడుకుంటున్నాం!"